సంత రోజు మాత్ర

ప్రశ్న: సార్, మా అమ్మకు కీళ్లవాతం. పోయిన నెల కొత్త డాక్టర్ మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు రాశారు. చీటీలో ఏవో ఇంగ్లీషు పొడి అక్షరాలు. అమ్మ రెండూ రోజూ వేసుకుంది. కొన్నాళ్లకు నోరంతా పూసి, మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. ఫోన్ చేస్తే "వారానికి ఒకసారే అని చెప్పాను కదా!" అని డాక్టర్ మా మీదే కోప్పడ్డారు. ఆస్పత్రిలో ఉండి ఇంటికొచ్చింది. అమ్మ చదువుకోలేదు. తప్పు మాదేనా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: అమ్మా, నేను ముప్పై ఏళ్లు సర్కారు ఆస్పత్రిలో మందుల కిటికీ వెనక కూర్చున్నాను. "అర్థమైందా?" అని అడిగితే అందరూ "ఆఁ, అయింది సార్" అనేవాళ్లే. వెనక క్యూ తోస్తుంటే, ముందు నేను విసుక్కుంటుంటే ఇంకేమంటారు? ఆ "ఆఁ" నమ్మి నేనూ ఎంతోమందిని పంపేశాను. అందుకే మీ అమ్మను తప్పుపట్టను.

బీపీ మాత్ర రోజూ, షుగర్ మాత్ర రోజూ. మనకు తెలిసిన అలవాటు అదే. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్రం వారానికోసారే. రోజూ వేసుకుంటే మూలుగలో రక్తకణాల తయారీ దెబ్బతింటుంది. పైగా ఇదీ, దీనికి తోడుగా ఇచ్చే ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ మాత్రా, రెండూ చిన్న పసుప్పచ్చ మాత్రలే ఉండటం మామూలు. చదువుకున్నవాళ్లూ ఇక్కడ బోల్తా పడ్డారు.

మళ్లీ మొదలుపెట్టాలా వద్దా అన్నది రక్తపరీక్ష చూసి డాక్టరే చెప్పాలి. మొదలుపెట్టమంటే, మీ ఊళ్లో సంత ఏ రోజో ఆ రోజు పెట్టమని అడగండి. మంగళవారమో బుధవారమో మరిచిపోవచ్చు గానీ సంత మరిచిపోదు. ఫోలిక్ యాసిడ్ ఏ రోజుల్లోనో కూడా అప్పుడే తేల్చుకోండి. ఒక మాత్ర దేవుడి గూట్లో, రెండోది వంటింట్లో. రెండూ ఒకే డబ్బాలో పెట్టొద్దు.

కుర్చీలోంచి లేచేముందు మీ అమ్మ చేతే చెప్పించండి: "ఇది సంతనాడు ఒక్కసారే, అంతేగా బాబూ?" డాక్టర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. తప్పుగా అర్థమై ఉంటే అక్కడే బయటపడుతుంది.

మందు పేరు చదవగలిగేలా, వీలైతే ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో రాయాలని 2016లోనే వైద్య మండలి నిబంధన తెచ్చింది. మంచిదే. కానీ ఎంత పెద్ద అక్షరమైనా మీ అమ్మకు అది ఇంగ్లీషే కదా! మందుల షాపులో కవరు మీద "వారానికి ఒక్కసారి" అని తెలుగులో రాయించుకోండి, అది మీ కోసం. అమ్మ కోసం ఆ పక్కన సంత బుట్ట బొమ్మ గీయండి. నేను పొద్దుటి మాత్రకు సూర్యుణ్ని, రాత్రి మాత్రకు చంద్రుణ్ని గీసేవాణ్ని. నా చంద్రుడు దోసకాయలా ఉంటాడని మా నర్సమ్మలు నవ్వేవారు. ఆ దోసకాయ చూసే జనం రాత్రి మాత్ర వేసుకునేవారు.

మళ్లీ నోరు పూసినా, జ్వరం వచ్చినా, ఒంటి మీద కమిలిన మచ్చలు కనబడినా సంతనాటి మాత్ర ఆపి ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లండి. మాత్రల అట్ట కూడా పట్టుకెళ్లండి.