లెక్క తెలిసీ మార్కులు పోతున్నాయంటే

ప్రశ్న: మాది అనంతపురం, బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది లాంటిది) సైన్సు చదువుతున్నాడు. ఇంట్లో కష్టమైన లెక్కలు కూడా చేస్తాడు గానీ, పరీక్షలో గుర్తులూ కూడికలూ తప్పి ప్రతిసారీ పదీ పన్నెండు మార్కులు పోగొట్టుకుంటున్నాడు. ఇలాంటి పిల్లవాణ్ని ఇంజినీరింగులో చేర్చవచ్చా?

జవాబు: ఈ తప్పుల్ని బట్టి ఇంజినీరింగు వద్దనుకోకండమ్మా. కష్టమైన లెక్కను సొంతంగా సాధించేవాడికి విషయం తెలుసు, దాన్ని కాగితం మీద పెట్టే పద్ధతిలోనే లోపముంది. అలాగని తేలిగ్గా వదిలేయడానికీ వీల్లేదు. కర్ణాటకలో ఇంజినీరింగ్ ర్యాంకుకు సీఈటీ (రాష్ట్ర ఉమ్మడి ప్రవేశ పరీక్ష) మార్కులనూ, పీయూసీ ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం మార్కులనూ సగం సగంగా తీసుకుంటారు కాబట్టి, బోర్డు పరీక్షలో జారిన మార్కు ర్యాంకు దాకా వెంట వస్తుంది.

"జాగ్రత్తగా రాయి" అని ఎన్నిసార్లు చెప్పినా, ఎక్కడ జాగ్రత్తపడాలో ఆ మాటలో ఉండదు. గత మూడు నాలుగు పరీక్షల జవాబు పత్రాలు ముందు పెట్టుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన కారణాన్ని అబ్బాయి చేతే రాయించండి. నేను చూసినంతలో, ఒక్కో పిల్లవాడు చేసే పొరపాట్లు రెండు మూడు రకాలే ఉంటాయి, అవే మళ్లీ మళ్లీ వస్తుంటాయి.

ఒక విద్యార్థి పత్రంలో 7 − 2(ఎక్స్ − 3) అన్నది తర్వాతి వరుసలో 1 − 2ఎక్స్ అయిపోయింది. బ్రాకెట్ విప్పడం, సంఖ్యల్ని కలపడం రెండూ మనసులోనే ఒకేసారి చేసేయడంతో, లోపలి 3 ముందున్న గుర్తు మారాలన్న సంగతి జారిపోయింది. అక్కణ్నుంచి కింది వరుసలన్నీ పద్ధతిగానే ఉన్నా జవాబు తప్పింది. బ్రాకెట్ విప్పడానికి విడిగా ఒక వరుస రాయమన్నాను. ఎక్స్ బదులు 1 పెట్టి చూడటం కూడా నేర్పాను: అసలు రాశి విలువ 11, అతను రాసినదానికి −1, సరైన 13 − 2ఎక్స్‌కు మళ్లీ 11. దీనికి పట్టేది కొన్ని సెకన్లే.

రాసినదాన్నే పైనుంచి కిందికి మళ్లీ చదివితే తప్పు దొరకదు, మొదటిసారి నమ్మినదాన్నే కన్ను రెండోసారీ నమ్ముతుంది. అందుకే సరిచూడటం వేరే దారిలో జరగాలి. సమాకలనం (ఇంటిగ్రేషన్) చేస్తే జవాబును అవకలనం (డిఫరెన్షియేషన్) చేసి చూడాలి, సమీకరణం సాధిస్తే మూలాన్ని అందులో ప్రతిక్షేపించాలి, సంభావ్యత ఒకటి దాటితే వెంటనే వెనక్కి వెళ్లాలి. గరిష్ఠ విలువ అడిగారో, అది వచ్చే బిందువు అడిగారో, జవాబు కింద గీత గీసే ముందు ప్రశ్నలో మరోసారి చూడాలి.

సీఈటీలో 80 నిమిషాల్లో 60 గణితం ప్రశ్నలు చేయాలి, రుణాత్మక మార్కులు లేవు. గుర్తు తప్పితే వచ్చే విలువ కూడా ఆప్షన్లలో ఉండవచ్చు కనుక, తన జవాబు అక్కడ కనిపించినంత మాత్రాన సరైనదని నిశ్చింతగా ఉండకూడదు.

పత్రాల పక్కన కారణాలు రాశాక, ఎక్కువ మార్కులు సూత్రం గుర్తులేకో పాఠం అర్థంకాకో పోయాయని తేలితే, అది అజాగ్రత్త కాదు. అప్పుడు అబ్బాయిని మందలించకుండా, ఆ పాఠాన్ని లెక్చరర్ దగ్గర మొదటినుంచి చెప్పించండి.