ఏప్రిల్‌లో క్రీట్ వెళ్తున్నాం, అక్కడి అడవి పూలను ఎక్కడ, ఎలా చూడాలి?

కారు ఆపి, దిగి, వంగి చూడాలి. సగం రహస్యం అదే. గ్రీసుకు చెందిన ఈ ద్వీపంలో వానలు ఎక్కువగా చలికాలంలో కురుస్తాయి, వేసవిలో నేల ఎండిపోతుంది. అందుకే మొక్కలు వసంతంలోనే తొందరగా పూసి, ఎండలు ముదిరేలోగా విత్తనంగానో దుంపగానో మట్టిలో దాక్కుంటాయి. మనకు తొలకరి చేసే పనిని అక్కడ చలికాలపు వాన చేస్తుంది.

దున్నని ఆలివ్ తోటల్లో, రోడ్డు గట్ల మీద ఎర్రని గసగసాల జాతి పూలు దూరం నుంచే కనబడతాయి. వాటితో ఆగిపోకండి. రాళ్ల మధ్య, పొట్టి ముళ్లపొదల పక్కన జానెడు ఎత్తుండే ఓఫ్రిస్ ఆర్కిడ్లను వెతకండి. పువ్వు కింది రేక నూగుతో అచ్చం ఆడ తేనెటీగలా ఉంటుంది. వాసన కూడా అలాంటిదే. మోసపోయిన మగ తేనెటీగ జతకట్టబోయి పుప్పొడి ముద్దను మోసుకుపోతుంది. పాపం, దానికి తేనె చుక్కయినా దక్కదు!

స్పిలి ఊరి దగ్గరి గియస్ కాంబోస్ మైదానం ఆర్కిడ్లకూ, ఎర్రని అడవి తులిప్‌లకూ పేరుపొందింది. తీరంలో పూలు అయిపోయాయనిపిస్తే కొండెక్కండి. సుమారు 1,050 మీటర్ల ఎత్తున ఉన్న ఒమాలోస్ పీఠభూమికి వసంతం ఆలస్యంగా వస్తుంది.

దుంపలు మాత్రం పెకలించవద్దు. నేలలోని శిలీంధ్రం తోడు లేకుండా ఆ ఆర్కిడ్లు కుండీలో బతకడం అరుదు. ఫొటోలో పువ్వుతోపాటు ఆకులు, కాడ కూడా పడితే తరువాత పేరు పట్టుకోవడం సులువు.