ఎల్లిస్ ఐలాండ్ సీను తీసెయ్యమ్మా

అమ్మాయ్,

నీ నవల మూడు అధ్యాయాలూ అందాయి. ప్రింటు తీయించి చదివాను. తెర మీద చదివితే వాక్యం నడక నాకు తెలీదు, ముసలి అలవాటు. పెన్సిల్‌తో గీసిన కాగితాలు మావాడు ఫోటోలు తీసి రేపు పంపుతాడు. చూసి హడలిపోకు. గీతలెక్కువున్న పేజీలే నాకు ఎక్కువ నచ్చిన పేజీలు.

"ఐర్లండ్‌లో ఒక ఇంటిపేరు ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగిందో మనవాళ్లు ఎందుకు చదువుతారు మాస్టారూ?" అని అడిగావు. మనవాళ్ల సంగతి ఏమో గానీ నేను చదివాను. డబ్లిన్‌లో నువ్వు అద్దెకున్న ఇంటావిడ క్లెరీ గారు వాన సాయంత్రం టీ పోస్తూ "మా పేరుకి అర్థం గుమస్తా" అని నవ్వుతుంది చూడు, అక్కడే నేను దొరికిపోయాను. ఐరిష్‌లో క్లేరెహ్ అంటే మొదట మఠంలో చదువుకున్నవాడు, ఆ పైన రాతగాడు. ఓ అంటే మనవడు, ఆ వంశంవాడు. ఓ క్లేరీ అంటే రాతగాడి మనవడన్నమాట. కరణం అనే ఇంటిపేరు మన దగ్గర లేదూ! ఆ ఒక్క మాట చాలు, మనవాళ్లు చెప్పులు బయట విడిచి ఆ ఇంట్లోకి వచ్చి కూర్చుంటారు. ఇక దేన్నీ దేనితోనూ పోల్చకు. రెండో అధ్యాయంలో గాల్వేని గోదావరితో, అక్కడి బంగాళాదుంపల కరువుని మన డొక్కల కరువుతో పోల్చిన పేరాలు రెండూ కొట్టేశాను. ఎవరి ఏడుపు వాళ్లది.

ఇప్పుడు అసలు సంగతి. మూడో అధ్యాయం చివర, ఆ బంగాళాదుంపల కరువు రోజుల్లో, 1847లో ఓడ దిగిన కుర్రాడు న్యూయార్క్ రేవులో వలసవాళ్లని తనిఖీ చేసే ఎల్లిస్ ఐలాండ్‌లో వరసలో నిలబడతాడు. బల్ల వెనక లావుపాటి ఆఫీసరు "నాకు నోరు తిరగట్లేదు, ఇవాళ్టి నుంచి నువ్వు క్లార్క్‌వి" అని పుస్తకంలో గీకిపారేస్తాడు. కుర్రాడి కళ్లలో నీళ్లు. ఆ సీను తీసెయ్. నువ్వు కష్టపడి రాశావని తెలుస్తూనే ఉంది, ఆఫీసరు వేలికి అంటిన సిరా కూడా బాగుంది. అయినా తీసెయ్.

ఎల్లిస్ ఐలాండ్ తెరిచింది 1892 జనవరి 1న. ఆ రోజు అందరికన్నా ముందు లోపలికి నడిచింది ఐర్లండ్‌లోని కార్క్ నుంచి వచ్చిన ఆనీ మూర్ అనే అమ్మాయి. 1847లో ఆ కేంద్రమే లేదు, అంతకు ముందు న్యూయార్క్‌లో నడిచిన క్యాజిల్ గార్డెన్ కూడా 1855లోనే వచ్చింది. ఆ కరువేడు చాలామంది దిగింది కెనడాలో, సెయింట్ లారెన్స్ నది మధ్య గ్రాస్ ఐల్ అనే క్వారంటైన్ దీవి మీద. టైఫస్ జ్వరంతో ఆ ఒక్క సంవత్సరంలో 5,000 మందికి పైగా అక్కడే మట్టిలో కలిశారు. నీ కుర్రాణ్ణి అక్కడ దించితే వాడికి పేరు గురించి ఏడవడానికి తీరిక ఉండదు, పక్కన పడుకున్న చెల్లెలు తెల్లారి లేస్తుందా లేదా అని చూస్తుంటాడు.

తేదీలు సరిచేసినా ఆ సీను నిలబడదు. ఎల్లిస్ ఐలాండ్ ఆఫీసర్లు పేర్లు కొత్తగా రాసేవాళ్లే కాదు. ఓడ ఎక్కిన రేవులోనే కంపెనీ గుమస్తాలు జాబితా రాసి పంపేవాళ్లు. ఎల్లిస్ ఐలాండ్‌వాళ్లు ఆ కాగితం ముందు పెట్టుకుని ప్రశ్నలడిగి టిక్కులు పెట్టుకునేవాళ్లు. పేరు మార్చుకున్నవాళ్లు చాలామట్టుకు తమంతట తామే మార్చుకున్నారు, పని దొరకాలని, పక్కింటివాళ్లు పిలవగలగాలని. అది కంటనీరు పెట్టించే సంగతి కాకపోవచ్చు గానీ కథకి అదే మేలు. మనిషి తన పేరు తానే కుదించుకునే క్షణం రాయడం కష్టం. ఆఫీసరు మీదకి నెట్టేయడం తేలిక.

నెట్టేయడం నాకూ బాగా తెలుసు. మా ఇంటిపేరు ఇంగ్లీషులో నా టెన్త్ సర్టిఫికెట్ మీద ఒక 'ఏ'తో, మా తమ్ముడి దాని మీద రెండు 'ఏ'లతో ఉంటుంది. నాన్నగారు పోయాక పొలం కాగితాలకి వెళ్తే మీరిద్దరూ అన్నదమ్ములని రుజువేమిటన్నారు. ఒక తండ్రి బిడ్డలమేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి, యాభై దాటిన మేమిద్దరం నోటరీ ముందు బడిపిల్లల్లా నిలబడి సంతకాలు పెట్టాం. దాని మీద కథ రాస్తూ నామినల్ రోల్ నింపిన ఆ బడి గుమస్తాని పరమ దుర్మార్గుణ్ణి చేశాను. అచ్చయ్యాక ఒక పెద్దాయన పోస్టుకార్డు రాశారు, "ఆ మధ్యాహ్నం అతను ఎన్ని పేర్లు రాయాల్సి వచ్చిందో కనుక్కున్నారా?" అని. కనుక్కోలేదు. అప్పట్నుంచీ నాకొక గుడ్డి లెక్క ఉంది: ఇంటిపేరు కథలో పేరుని చూడ్డం తర్వాత, ముందు దాన్ని కాగితం మీద పెట్టిన చెయ్యి ఎవరిదో చూడాలి. ఏ భాష చెవితో విన్నాడు? ఎవరు జీతమిస్తే రాశాడు? ఆ రాతతో ఎవరికి పని?

నీ అదృష్టం చూడు, రాసే చేతులే ఇంటిపేరైన వంశం నీకు దొరికింది. 916లో చనిపోయిన టియెర్నాహ్ ఓ క్లేరీ పేరు ఐరిష్ వార్షిక చరిత్రల్లో ఉంది. యూరప్‌లో కాగితమ్మీద కనిపించే వారసత్వపు ఇంటిపేర్లలో ఇదే తొలిదని చెబుతారు. అతను గాల్వే దక్షిణాన ఐనె అనే సీమకి ప్రభువు. వాళ్ల మూలపురుషుడు 663లో పోయిన, పడమటి ఐర్లండ్‌లోని కొన్నాహ్ట్ సీమ రాజు గూరె. దానాలిచ్చీ ఇచ్చీ అతని కుడిచెయ్యి ఎడమచేతి కన్నా పొడుగైపోయిందని ఐతిహ్యం. ఈ గూరె మీద నువ్వు పన్నెండు పేజీల నాంది రాశావు. ఒక్క వాక్యం ఉంచు, పొడుగాటి చెయ్యి వాక్యం. మిగతాది మనకి కొత్తది కాదు, ఏ వంశవృక్షం కదిపినా మొదట్లో ఒక దానకర్ణుడు రాలతాడు.

పదమూడో శతాబ్దంలో నార్మన్ దొరలు బర్క్‌లు కొన్నాహ్ట్ మీద పడ్డాక ఈ కుటుంబం ఐనె నుంచి చెదిరిపోయింది. కొందరు ఉత్తరాన మేయోకి, కొందరు కావన్‌కి, కొందరు కిల్కెన్నీకి. దీన్ని నువ్వు యుద్ధాలతో నింపావు. వద్దు. రెండు పేరాల్లో దాటించేసి పెళ్లి దగ్గర ఆగు.

పద్నాలుగో శతాబ్దంలో ఆ మేయో శాఖ నుంచి కార్మాక్ అనే కుర్రాడు ఐర్లండ్ వాయవ్య మూలనున్న డనెగాల్ చేరాడు. చర్చి ధర్మశాస్త్రం, లౌకిక ధర్మశాస్త్రం రెండూ చదువుకున్నవాడు. బాలీషానన్ దగ్గర మఠంలో సన్యాసులు ఆదరించారు. ఆ ప్రాంతపు ప్రభువులు ఓ డానెల్‌లకి ఆస్థాన చరిత్రకారుడు ఓ స్గింగిన్ అనే పెద్దాయన. కొడుకుల్లేరు, ఒక్కతే కూతురు. ఆమెని కార్మాక్‌కిచ్చి చేస్తూ ఆయన కట్నం సంగతి ఎత్తలేదు, ఒకే షరతు పెట్టాడు: పుట్టే మగపిల్లవాణ్ణి చరిత్ర చదువుకి పెట్టాలి. తన వంశపు విద్య మనవడి చేతుల్లోకి పోవాలి. అలా రాతగాడి మనవలు నిజంగానే రాతగాళ్లయ్యారు. సముద్రం ఒడ్డున కిల్బారన్ కొండకొమ్మున ఇల్లు కట్టుకుని పది తరాల లోపే దేశమంతటి చరిత్ర రాసేదాకా వెళ్లారు. ఆ షరతు మాట్లాడుకున్న రాత్రి రాయి. ఆ కూతురు ఏమనుకుందో ఏ పుస్తకంలోనూ లేదు, అందుకే ఆ రాత్రి నీది.

అన్నట్టు ఆడవాళ్ల పేర్లు. నీ పాత్ర బ్రీజ్‌ని ఓ క్లేరీ అని రాశావు. ఓ అంటే మనవడు కదా, ఆడపిల్లకి ఎలా కుదురుతుంది? కూతురైతే ఐరిష్‌లో "నీ" వస్తుంది, వెనకాల క గాలిలా మారి "నీ హ్లేరీ" అవుతుంది. ఈ ఇంట్లో ఆడపిల్ల పుట్టగానే పేరు శబ్దమే మారుతుంది. మన భాషలో లేని సౌకర్యం, వాడుకో.

ఇప్పుడు నువ్వు ఎల్లిస్ ఐలాండ్‌లో వెతికిన సీను ఎక్కడుందో చెబుతాను.

టైగ్ ఓ క్లేరీ అప్పట్లో స్పెయిన్ ఏలుబడిలో ఉన్న, ఇప్పటి బెల్జియంలోని లూవెన్ వెళ్లి ఫ్రాన్సిస్కన్ మఠంలో మిహాల్ అనే పేరుతో బ్రదర్ అయ్యాడు. పాతపుస్తకాలు నశించిపోతున్నాయని 1626లో మఠం పెద్దలు అతన్ని ఐర్లండ్ పంపారు. ఊరూరా తిరిగి ఎక్కడ తాళ్లు ఊడిన పుస్తకం కనిపిస్తే అక్కడ కూర్చుని దించుకున్నాడు. తప్పని తోచినా పాతపుస్తకంలో ఉన్నది ఉన్నట్టే రాయమని పైవాళ్ల ఆజ్ఞ అని నోట్స్‌లో చెప్పుకున్నాడు పాపం. 1632 జనవరి 22న డ్రౌస్ నది దగ్గర తోటివాళ్లతో కూర్చుని ఐర్లండ్ వార్షిక చరిత్ర మొదలుపెట్టాడు. 1636 ఆగస్టు 10న ముగించాడు. నలుగురు పండితుల చరిత్ర అని లోకం పిలిచేది దాన్నే. ఆ నలుగురిలో మిహాల్ బంధువు ఒకడున్నాడు, కూకుగ్రీహె ఓ క్లేరీ.

అదే 1632, మే నెల. డనెగాల్‌లోని లిఫర్డ్ పట్టణంలో ఇంగ్లండ్ రాజుగారి భూముల విచారణ. కూకుగ్రీహె ఏడాదికి 8 పౌండ్లకి కౌలుకి తీసుకున్న పొలం జప్తు చేశారు. కారణం రికార్డులో రాశారు: ఇతను ఉత్త ఐరిష్‌వాడు, ఇంగ్లీషు లేదా బ్రిటిష్ పుట్టుక గానీ ఇంటిపేరు గానీ లేనివాడు.

ఇంటిపేరు గానీ. ఆ మాట ఉంది అక్కడ.

బల్ల, గుమస్తా, కలం, పేరు, అన్నీ ఉన్నాయి. ఇంగ్లీషు గుమస్తా వేలికి నీ సిరా మరకే అంటించు. ఎదురుగా నిలబడ్డవాడి వేళ్లకీ సిరా మరకలే! ఏడుపులేమీ పెట్టకు. పొలం పోయినవాడు నది ఒడ్డుకి తిరిగి వెళ్లి ఆపిన దగ్గర్నుంచి రాసుంటాడు. తర్వాత మిగిలిన ఓ డానెల్‌ల వెంట మేయో చేరాడు, అంటే అంతకు దాదాపు మూడువందల ఏళ్ల ముందు కార్మాక్ వచ్చిన దారినే వెనక్కి. చివర్లో వీలునామా రాశాడు: ఈ లోకంలో నాకున్న వాటిలో అన్నిటికన్నా ప్రియమైన ఆస్తి నా పుస్తకాలు, వాటిని నా ఇద్దరు కొడుకులకిస్తున్నాను, చెడిపోకుండా కావలసింది దించుకోండి, నా సోదరుడి పిల్లల్ని కూడా మీతో సమానంగా ఆ పుస్తకాలు చదువుకోనివ్వండి అని. ఆ పుస్తకాల్లో కొన్ని చేతులు మారుతూ 1817లో అతని వంశస్థుడి సంచీలో డబ్లిన్ చేరాయి.

క్లెరీ, క్లార్క్ తేడాలకి పెద్దగా చోటివ్వకు. 'ఓ' ఐర్లండ్‌లోనే ఇంగ్లీషు కాగితాల్లో రాలిపోయింది, అట్లాంటిక్‌కి ఆ పాపం లేదు. దక్షిణాన చెవికి తగినట్టు క్లెరీ అయ్యింది. ఉత్తరాన అర్థం చూసి క్లార్క్ అని తర్జుమా చేసుకున్నారు, కాబట్టి అక్కడి క్లార్క్‌లలో ఎవరు ఇంగ్లండ్ నుంచి వచ్చారో, ఎవరు గూరె మనవలో మొహం చూసి చెప్పలేం. 1465 చట్టం ఒకటి పట్టుకొచ్చావు, ఐరిష్‌వాళ్లు ఊరి పేరో రంగు పేరో వృత్తి పేరో ఇంగ్లీషులో పెట్టుకోవాలని. అది డబ్లిన్ చుట్టూ నాలుగు కౌంటీలకే. డనెగాల్ కథలో దానికి పనిలేదు.

క్లెరీ గారి కుటుంబాన్ని కరువుకాలం దాకా తీసుకెళ్లాలంటే దారి మధ్యలో తెగుతుంది. 1922 జూన్ 30న అంతర్యుద్ధంలో డబ్లిన్ ఫోర్ కోర్ట్స్ పక్కనున్న రికార్డుల భవనం పేలి తగలబడింది. 1821 నుంచి 1851 దాకా జనాభా లెక్కలు దాదాపు మొత్తం బూడిద. 1861 నుంచి 1891 దాకా లెక్కల్ని అంతకు ముందే ప్రభుత్వమే చేజేతులా లేకుండా చేసింది. ఆ గండిని ఊహతో పూడ్చు, తప్పులేదు, కానీ పూడుస్తున్నావని పాఠకుడికి తెలియనియ్.

ఆ పాత జనాభా లెక్కల్లో మొత్తంగా మిగిలింది 1901, 1911. రెండూ నెట్‌లో ఉచితంగా చూడొచ్చు. చూసేటప్పుడు ఒక తమాషా గమనించు. 1901లో యాభై అయిదేళ్ల అవ్వకి 1911లో డెబ్బై రెండు రావచ్చు. అబద్ధమని కొట్టెయ్యకు. 1909 జనవరి నుంచి డెబ్బై నిండినవాళ్లకి పింఛను మొదలైంది, పుట్టినరోజు కాగితం చాలామందికి లేదు. ఆ పదిహేడేళ్లలో ఒక అధ్యాయం ఉంది, కానీ అది ఈ నవలలోకి రాదు, విడిగా కథ రాసుకో.

1911 కాగితాన్ని ఇంటి యజమానే నింపి కింద సంతకం పెట్టాలి. రాతరానివాడైతే లెక్క రాయడానికి వచ్చిన కానిస్టేబుల్ నింపేవాడు, ఇతను గుర్తు వేసేవాడు. ఐరిష్‌లోనే నింపి పాత పేరు మళ్లీ పెట్టుకున్న పంతంగాళ్లూ ఉన్నారు. క్లెరీ గారి తాత ఏ ఊళ్లో ఉండేవాడో అడిగి ఆ కాగితం తీయించు. ఆవిణ్ణి పక్కన కూర్చోబెట్టుకునే చూడు, ఒక్కదానివే ముందు చూసేసి వెళ్లి చెప్పకు. సంతకమా, గుర్తా, పేరు ముందు ఓ ఉందా, ఆవిడ చెయ్యి కప్పు మీదే ఉందా, తెర దగ్గరకి వచ్చిందా, అవన్నీ ఆ రాత్రే రాసి పెట్టుకో.

ఆ కాగితం ఫోటో నాకూ పంపు. ఈసారి డ్రాఫ్టుకి పేజీ నంబర్లు వెయ్యి తల్లీ, మొన్న ఫ్యాన్ గాలికి మూడు అధ్యాయాలూ కలిసిపోయి, నీ కుర్రాడు ఓడ ఎక్కకముందే దిగేశాడు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు