స్కీయింగ్ ట్రిప్‌కు పర్సనల్ లోనా? నెలాఖరుకు మిగిలేది 329 రూపాయలు

ప్రశ్న: నా వయసు 32. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు చేతికి 1,05,000 వస్తుంది. పాప పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. పాపకు ఇప్పుడు రెండేళ్లు. హోమ్ లోన్ ఈఎంఐ 36,000, ఇంటి ఖర్చు 45,000, సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా పెట్టుబడి) 10,000. సేవింగ్స్ ఖాతాలో 90,000 ఉన్నాయి. ఏప్రిల్‌లో లక్షన్నర దాకా బోనస్ వస్తుంది. బీటెక్ స్నేహితులం ఆరుగురం వచ్చే జనవరిలో ఒక వారం యూరప్‌లో స్కీయింగ్‌కు వెళ్దామనుకుంటున్నాం. ముగ్గురం హైదరాబాద్ నుంచి, ఇద్దరు జర్మనీ నుంచి, ఒకడు డబ్లిన్ నుంచి. చవక అని బల్గేరియాలోని బాన్స్కో అనుకున్నాం. ఒకడు స్లొవేకియాలో యాస్నా అంటాడు, ఇంకొకడు ఇటలీ అంటాడు. ఎవరికీ స్కీయింగ్ రాదు. నా ఖర్చు 1,75,000 అవుతుంది. బుకింగ్‌లన్నీ నేనే చూస్తున్నాను కాబట్టి 14 శాతానికి మూడేళ్లకు 4 లక్షల పర్సనల్ లోన్ తీసుకుందామని ఉంది. మిగతావాళ్లు తర్వాత ఇచ్చేస్తారు. లోన్ మంచిదా, సిప్‌లోంచి తీయడం మంచిదా, క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా? విదేశాల్లో వాడే ఫారెక్స్ కార్డు ఏది తీసుకోవాలి? అందరూ వెళ్తున్నారు, నేనొక్కడినే ఆగితే ఎలా?

జవాబు: లోన్ వద్దు. సిప్ జోలికి వెళ్లొద్దు. కార్డు ఈఎంఐ అసలే వద్దు. మీరు అడిగిన మూడూ అయిపోయాయి, ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

మీరిచ్చిన అంకెలనే కూడి చూడండి. ఈఎంఐ, ఇల్లు, సిప్ కలిపి 91,000. జీతంలో మిగిలేది 14,000. 4 లక్షలకు 14 శాతం చొప్పున మూడేళ్ల ఈఎంఐ 13,671 పడుతుంది. అంటే మూడేళ్ల పాటు నెలాఖరుకు మీ దగ్గర మిగిలేది 329 రూపాయలు. పాపను ఒకసారి డాక్టరుకు చూపిస్తే అవి కూడా ఉండవు. ఇదంతా వారం రోజుల ప్రయాణం కోసం, పైగా 92,000 వడ్డీ కట్టి!

బ్యాంకువాళ్లు లోన్ ఇస్తారు, అందులో సందేహం లేదు. మీ జీతానికి ఫోన్‌లోనే పది నిమిషాల్లో వచ్చేస్తుంది. 'ప్రీ అప్రూవ్డ్' అని మెసేజ్ కూడా వచ్చే ఉంటుంది. ఆ మాటకు అర్థం మీరు తీర్చగలరని వాళ్లు నమ్మారని మాత్రమే. ఆ తర్వాత మీ ఇంట్లో ఏం మిగులుతుందో వాళ్లకు అనవసరం.

ఇక ఈ ప్రశ్నను ఎంచుకోవడానికి అసలు కారణం: 'మిగతావాళ్లు తర్వాత ఇచ్చేస్తారు.' ఈ వాక్యం నేను ఏడాదికి నాలుగైదుసార్లు వింటాను. ప్రతి గ్రూపులోనూ చురుగ్గా ఉండే ఒకడు ఉంటాడు. టికెట్లు వాడే వెతుకుతాడు, రూములు వాడే మాట్లాడతాడు, చివరికి కార్డు కూడా వాడిదే గీకుతారు. మీ 4 లక్షల్లో మీ ఖర్చు 1,75,000. మిగతా 2,25,000 మీరు స్నేహితులకు వడ్డీ లేకుండా ఇస్తున్న చేబదులు. దానికి వడ్డీ మాత్రం మీరు కడుతున్నారు. నా దగ్గరకు వచ్చే ఒకాయన ఇలాగే ఎనిమిది మందికి తన కార్డు మీద విల్లా బుక్ చేశాడు. ఇద్దరు ఆఖరి వారంలో మానుకున్నారు. ఒకరికి ఉద్యోగం పోయింది, అతన్ని అడగడానికి ఈయనకు నోరు రాలేదు. మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో కనీసం కట్టాల్సిన మొత్తం మాత్రమే కట్టుకుంటూ వచ్చాడు. నెలకు మూడున్నర శాతం వడ్డీ వేసే కార్డులో లక్ష బాకీ ఉంటే వడ్డీ 3,500, దానిపై జీఎస్టీ 630. నెల నెలా. ట్రిప్ ఫొటోలు ఎప్పుడో కిందికి వెళ్లిపోయాయి, బిల్లు మాత్రం పైనే ఉంది.

కాబట్టి ఎప్పుడు వెళ్లినా సరే, ఎవరి టికెట్ వాళ్లది, ఎవరి వీసా వాళ్లది, ఎవరి ఇన్సూరెన్స్ వాళ్లది. ఉమ్మడిది అపార్ట్‌మెంట్ ఒక్కటే. దానికి ముందు ఆరుగురి వాటా మీ ఖాతాలో పడాలి, తర్వాతే బుక్ చేయాలి. మొహమాటంగా ఉంటే నా పేరు చెప్పండి.

ఇక నా పాత పాట. చదివేవాళ్లకు విసుగొచ్చినా నాకు రాదు. మీకు అత్యవసర నిధి లేదు. 90,000 ఉన్నాయి కదా అంటారు. ఇల్లు, హోమ్ లోన్ కలిపి నెలకు 81,000 కావాలి. అంటే మీ దగ్గర ఉన్నది ఐదు వారాలకు సరిపడా. ఒక్క జీతం మీద ముగ్గురు బతుకుతున్న ఇల్లు, రంగం చూస్తే సాఫ్ట్‌వేర్. ఆరు నెలలకు 4,86,000 ఉండాలి. మూడు నెలలు చాలదా అని అడిగేవాళ్లుంటారు. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో ఆ బేరం వింటాను, మీ ఇంట్లో వినను.

స్కీయింగ్‌కూ దీనికీ సంబంధం ఏమిటంటారా? కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పాడుచేసుకునేది మోకాలు. నెమ్మదిగా పడినప్పుడు కాలికి కట్టిన స్కీ పలక బూటు నుంచి విడిపోకపోతే మోకాలు మెలి తిరుగుతుంది, లిగమెంట్ తెగుతుంది. ఆపరేషన్ చేయించుకుంటే పూర్తిగా కోలుకోవడానికి ఆరు నుంచి తొమ్మిది నెలలు పడుతుంది. ఆఫీసుకు అంతకన్నా ముందే వెళ్తారు, నిజమే. కానీ సెలవులు అయిపోయాక జీతం కోత, ఫిజియోథెరపీ, క్యాబ్ ఖర్చు, ఇవన్నీ ఎక్కడి నుంచి వస్తాయి? ఆ 329 రూపాయల నుంచా? ఆరుగురు కొత్తవాళ్లు వారం రోజులు మంచు మీద ఉంటే ఒకరికి దెబ్బ తగలడం పెద్ద వింత కాదు. ఆ ఒకరు మీరు కాదని ఎవరు చెప్పారు?

ఇన్సూరెన్స్ గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. షెంజెన్ వీసాకు (బల్గేరియా, స్లొవేకియా, ఇటలీ సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఒకటే వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. అందరూ చేసే తప్పేమిటంటే, వీసా ఆఫీసరు తృప్తి కోసం అన్నింట్లోకి చవకైన పాలసీ కొని ఫైల్లో పెట్టేయడం. అలాంటి చాలా పాలసీల్లో స్కీయింగ్ మినహాయింపుల జాబితాలో ఉంటుంది. వింటర్ స్పోర్ట్స్ కవర్ విడిగా అడిగి తీసుకోవాలి. తీసుకున్నా, గుర్తు పెట్టిన పిస్ట్ (స్కీయింగ్‌కు సిద్ధం చేసిన మంచు దారి) దాటి పక్క మంచులోకి వెళ్లి పడితే, లేదా బీరు తాగి పడితే క్లెయిమ్ తిరస్కరించొచ్చు. మీ జర్మనీ స్నేహితులకు అక్కడి హెల్త్ కార్డు ఉంటుంది. దానితో బల్గేరియాలో ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం దొరుకుతుంది గానీ, కొండ మీద నుంచి దించే ఖర్చు, దేశం దాటించే ఖర్చు అందులోకి రావు. ఆల్ప్స్‌లో హెలికాప్టర్ వచ్చిందంటే బిల్లు వేల యూరోల్లో ఉంటుంది. స్లొవేకియాలో కొండల్లో కాపాడిన దళం ఖర్చు కాపాడినవాడి దగ్గరే వసూలు చేస్తుంది. సరిహద్దు దాటి పోలెండ్ వైపు వెళ్తే అదే సేవ ఉచితం. ఇటలీ అన్న మీ స్నేహితుడికి ఒక మాట: అక్కడ 2022 జనవరి 1 నుంచి, మనం ఎవరినైనా గుద్దితే వాళ్ల నష్టం భరించే బీమా లేకుండా పిస్ట్ మీదికి వెళ్లకూడదు. అది వైద్య బీమా కాదు, వేరే.

అన్నట్టు, హోమ్ లోన్ ఉంది, రెండేళ్ల పాప ఉంది. మరి టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బిచ్చే జీవిత బీమా) ఉందా? రాయడం మరిచిపోయారో, అసలు లేదో. లేకపోతే ఈ వారమే తీసుకోండి, ట్రిప్ సంగతి తర్వాత.

బాన్స్కో ఎంపికను మాత్రం తప్పుపట్టను. ఆల్ప్స్‌తో పోలిస్తే గదులు, భోజనం, స్కీ స్కూలు అన్నీ తక్కువే. 2026 జనవరి 1 నుంచి అక్కడ యూరోనే కాబట్టి అక్కడి పాత కరెన్సీ లెవ్‌లలోకి మార్చుకునే బాధ కూడా లేదు. రాజధాని సోఫియా నుంచి 160 కిలోమీటర్లు. ఊళ్లోంచి కొండ మీది శిక్షణ స్థలానికి గొండోలాలో (కేబుల్ కారు) వెళ్లాలి, పొద్దున్నే అక్కడ క్యూ పెద్దగా ఉంటుంది. ఉండేది గొండోలాకు నడిచి వెళ్లేంత దగ్గరగా చూసుకోండి, దూరంగా చవక గది తీసుకుంటే మిగిలిన డబ్బు టాక్సీకి పోతుంది. కొత్తవాళ్లకు స్కీలు, బూట్లు, పాస్, క్లాసులు కలిపి ప్యాకేజీగా అమ్ముతారు, విడివిడిగా కొనొద్దు. న్యూ ఇయర్ వారం, ఫిబ్రవరిలో అక్కడి స్కూళ్లకు సెలవులిచ్చే వారాలు తప్పించండి. జనవరి రెండో వారం తర్వాత రేట్లు దిగుతాయి.

వీసా దగ్గర ఒక మెలిక ఉంది. జర్మనీలో రెసిడెన్స్ పర్మిట్ ఉన్నవాళ్లకు బల్గేరియా వెళ్లడానికి విడిగా వీసా అక్కర్లేదు. డబ్లిన్ అతనికి కావాలి, ఐర్లాండ్ షెంజెన్‌లో లేదు. అతనికి, మీ ముగ్గురికి ఫీజు తలా 90 యూరోలు, తిరస్కరిస్తే ఆ డబ్బు తిరిగి రాదు. అందుకే వీసా స్టాంపు పడే దాకా రద్దు చేస్తే డబ్బు వెనక్కి రాని బుకింగ్ ఒక్కటి కూడా చేయొద్దు. మీరు లోన్ డబ్బుతో ముందే అన్నీ కొనేద్దామనుకున్నారు కదా, అందుకే చెబుతున్నాను.

మరి ఎప్పుడు వెళ్లాలి? మీకు నచ్చదని తెలిసే చెబుతున్నాను: వచ్చే జనవరి కాదు, ఆ పై జనవరీ కాదు, దాని తర్వాతిది. నెలకు 14,000 చొప్పున 14 నెలలు, ఏప్రిల్ బోనస్ మొత్తం పక్కన పెడితే వచ్చే ఏడాది చివరికి మీ 90,000తో కలిపి 4,36,000 అవుతుంది. ఆ పై ఏప్రిల్ బోనస్‌తో అత్యవసర నిధి నిండుతుంది. ఆ తర్వాత కూడేదంతా ట్రిప్‌ది, డిసెంబరు నాటికి 1,75,000 దాటిపోయి ఇంకా మిగులుతుంది. జీతం పెంపు ఈ లెక్కలో వేయలేదు, వస్తే ఇంకా ముందే కుదరొచ్చు. అంతదాకా ఆగలేమంటే గుల్మార్గ్ ఉంది. యూరప్‌లో ఉన్న మీవాళ్లు ఎలాగూ ఇంటికొచ్చే శీతాకాలం ఒకటి చూసుకుని అక్కడ నేర్చుకోండి. ఆరుగురిలో ఎంతమందికి రెండో రోజు కూడా స్కీలు కట్టుకోవాలనిపిస్తుందో అక్కడే తేలిపోతుంది.

'అందరూ వెళ్తున్నారు, నేనొక్కడినే ఆగితే ఎలా' అని మీ ఉత్తరం చివర ఉంది. నలుగురితో నారాయణ అనడానికి ఖర్చు లేదు, దీనికి నాలుగు లక్షలు. వాళ్లనే వెళ్లనివ్వండి. క్లాసులు ఎక్కడ బాగున్నాయో, ఏ వీధిలో గది తీసుకోకూడదో మీ వంతు వచ్చేసరికి చెప్పడానికి ఐదుగురు ఉంటారు.

ఫారెక్స్ కార్డు ఏదని అడిగారు. మార్కప్ (మారకపు రేటు మీద అదనంగా వేసే రుసుము) లేనిది. పేర్లు, రేట్లు ఏటా మారతాయి కాబట్టి టికెట్ కొన్న నెలలో మళ్లీ రాయండి, అప్పుడు చెబుతాను.