రిటర్న్ గిఫ్టుల కోసం లక్షన్నర లోనా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. ప్రైవేటు ఉద్యోగం, చేతికి 64,000 వస్తుంది. పాప పుట్టాక నా భార్య ఉద్యోగం మానేసింది. మూడు నెలల్లో పాప ఐదో పుట్టినరోజు. మా అపార్ట్‌మెంట్‌లో ఈ మధ్య జరిగిన రెండు పార్టీల్లోనూ పిల్లలకు 500 రూపాయల లంచ్‌బాక్సు సెట్లు రిటర్న్ గిఫ్టుగా ఇచ్చారు. మనం ఇవ్వకపోతే బాగుండదని ఇంట్లో అంటున్నారు. 45 మంది పిల్లలకు తలా 450లో, 60 కుటుంబాలకు 350లో స్టీలు డబ్బాలు అనుకున్నాం. హాలు, భోజనాలు, డెకరేషన్ కలిపితే మొత్తం 1,50,000 అవుతోంది. బ్యాంకు యాప్‌లో 18 శాతానికి, 24 నెలలకు ప్రీ అప్రూవ్డ్ లోన్ చూపిస్తోంది. చదివింపులు ఎలాగూ 60,000 దాకా వస్తాయి, అవి రాగానే లోన్‌లో కట్టేస్తాను. సేవింగ్స్‌లో 38,000 ఉంది. క్రెడిట్ కార్డు బాకీ 52,000, నెలకు 2,600 మినిమం డ్యూ కడుతున్నాను. మిగతా ఇంటి ఖర్చులు 53,700. రిటర్న్ గిఫ్టులు ఇవ్వాలా, వద్దా? ఇస్తే ఎంతలో ఇవ్వాలి?

జవాబు: ఇవ్వండి. పదిహేను మంది పిల్లలకు, ఒక్కోటి 80 రూపాయలు దాటకుండా. పెద్దవాళ్లకు అక్కర్లేదు. లోన్ మాత్రం వద్దే వద్దు.

గిఫ్టు ఎంతలో ఉండాలన్నది ఐదు నిమిషాల్లో తేలిపోయే విషయం. దానికింత జవాబు రాయడానికి కారణం మీరు వేసుకున్న లెక్క. బారసాల, మొదటి పుట్టినరోజు, చెవులు కుట్టించడం, ఓణీల ఫంక్షన్ దాకా ఎన్నో ఇళ్లలో ఇదే లెక్క నడుస్తుంది: ముందు అప్పు చేద్దాం, చదివింపులతో తీరుద్దాం. మీ గిఫ్టుల ఖర్చు ఒక్కటే కూడి చూడండి. పిల్లలవి 20,250, కుటుంబాలవి 21,000, వెరసి 41,250. మీ దగ్గర మొత్తం ఉన్నది 38,000. వచ్చినవాళ్ల చేతిలో పెట్టి పంపేది, ఇంట్లో దాచుకున్నదానికంటే ఎక్కువన్నమాట.

లోన్ సంగతి చూద్దాం. లక్షన్నరకు 18 శాతం, 24 నెలలంటే ఈఎంఐ దాదాపు 7,490. రెండేళ్లలో కట్టేది 1,79,700 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు 2 శాతం ఉందనుకుంటే 3,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 540. ఇది ముందే కోసుకుంటారు కాబట్టి మీ ఖాతాలో పడేది 1,46,460. ఈ కోత కూడా కలిపి లెక్కేస్తే యాప్‌లో 18 అని కనిపించే వడ్డీ ఏడాదికి 20 శాతం దాటుతుంది. లోన్‌తో పాటు ఇచ్చే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో ఏపీఆర్ అనే చోట అసలు అంకె ఉంటుంది. యాప్ మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉన్నదాన్ని వదిలేసి దాన్ని చూడాలి.

ఇప్పుడు మీ నెల లెక్క. జీతం 64,000లో ఇంటి ఖర్చులు 53,700, కార్డుకు 2,600 పోతే మిగిలేది 7,700. అందులోంచి ఈఎంఐ 7,490 తీసేస్తే చేతిలో ఉండేది 210 రూపాయలు. రెండేళ్లపాటు నెలకు 210 రూపాయలతో ఎవరికీ జ్వరం రాకుండా, బండి పాడవకుండా, ఊళ్లో అమ్మానాన్నల నుంచి ఫోన్ రాకుండా గడవాలి. గడవదు. గడవని నెలలో ఆ కార్డే మళ్లీ గీస్తారు. మధ్యలో పాప ఆరో పుట్టినరోజు కూడా వస్తుంది, ఐదో పుట్టినరోజు ఈఎంఐ ఇంకా నడుస్తుండగానే.

చదివింపుల మీద మీ ఆశ మరీ ఎక్కువ. ఐదేళ్ల పిల్ల పుట్టినరోజుకు అపార్ట్‌మెంట్ వాళ్లు కవరు తేరు, బొమ్మ తెస్తారు. బొమ్మలతో ఈఎంఐ కట్టలేం. బంధువులు చదివించే డబ్బు పుస్తకంలోకి ఎక్కుతుంది. వాళ్లింట్లో శుభకార్యం జరిగినప్పుడు అంతకు కాస్త కలిపి మీరు చదివించాలి. వాళ్ల తేదీలు మీ చేతిలో ఉండవు, పెళ్లిళ్ల సీజన్లో ఒకే నెలలో నాలుగు శుభలేఖలు రావచ్చు. దాన్ని ఆదాయం కింద రాసుకున్నవాళ్లు ఒకే అప్పును రెండుసార్లు తీరుస్తారు. ఒకవేళ డబ్బు వచ్చినా, ఫిక్స్‌డ్ రేటు పర్సనల్ లోన్లను గడువుకు ముందు కడితే చాలాచోట్ల చార్జీ ఉంటుంది, ఆ చార్జీ మీద జీఎస్టీ ఉంటుంది. కొన్నింట్లో మొదటి కొన్ని నెలలు ముందుగా కట్టనివ్వరు కూడా.

కార్డు బాకీ మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. నాకు దాని దగ్గరే కోపం వచ్చింది. కార్డు వడ్డీ నెలకు 3.5 శాతం అనుకుంటే 52,000 మీద 1,820. దాని మీద జీఎస్టీ 328. మీరు కట్టే 2,600లో 2,148 ఇలా పోతే అసలుకు జమ అయ్యేది 450 రూపాయలు. ఇంకో సంగతి: పాత బాకీ ఉన్నంతకాలం కొత్తగా కొన్న వస్తువుకు వడ్డీ లేని గడువు ఉండదు. రిటర్న్ గిఫ్టులు ఆన్‌లైన్‌లో అదే కార్డుతో కొంటే, డబ్బాలు ఇంటికి చేరకముందే వాటి మీద వడ్డీ మొదలవుతుంది.

మీకు అసలు లేనిది అత్యవసర నిధి. 38,000 ఉంది కదా అంటారేమో. నెలకు 53,700 ఖర్చయ్యే ఇంటికి అది 21 రోజుల తిండి, అద్దె. ఇద్దరు సంపాదించే ఇంట్లో ఒకరి ఉద్యోగం పోతే రెండో జీతం అద్దె కట్టేస్తుంది. మీ ఇంట్లో ఉన్నది ఒక్క జీతం, అదీ ప్రైవేటుది. ఉద్యోగం పోయిన రోజున జీతంతో పాటు కంపెనీ ఇచ్చే గ్రూప్ హెల్త్ కవర్ కూడా పోతుంది. ఫైనల్ సెటిల్‌మెంట్ వెంటనే చేతికి వస్తుందన్న నమ్మకం లేదు. ఇంటి ఓనరు మాత్రం ఒకటో తారీఖునే వస్తాడు. హెల్త్ పాలసీ ఉన్నా, క్యాష్‌లెస్ అనుమతి వచ్చేలోపు అడ్వాన్స్ కట్టమనే ఆస్పత్రులున్నాయి. గ్లవ్స్, సిరంజిలు, రిజిస్ట్రేషన్ ఫీజుల్లాంటి పాలసీ ఇవ్వని ఖర్చులు బిల్లు చివర్లో తేలతాయి. వానాకాలంలో పిల్లకు డెంగీ వచ్చి నాలుగు రోజులు చేర్చారనుకోండి, ఆ పూటకు కావలసిన డబ్బు ఎక్కడినుంచి తెస్తారు? యాప్‌లోంచే కదా. అప్పటికి లోన్ లిమిట్ పార్టీకి వాడేసి ఉంటారు.

ఒక్క జీతం ఉన్న ఇంటికి ఆరు నెలల ఖర్చు కనీసం. మీకది 3,22,000. అంకె చూసి భయపడి మానేయకండి, మొదటి మెట్టు ఒక నెల ఖర్చు.

ఇలా చేయండి. 38,000లో 13,000 ఇవాళే కార్డుకు కట్టండి, బాకీ 39,000 అవుతుంది. మిగతా 25,000 యూపీఐకి కలపని వేరే ఖాతాలోకి మార్చండి. ఫోన్‌పేలో కనిపించే డబ్బు నిలవదు. తర్వాత కార్డు కంపెనీకి ఫోన్ చేసి 39,000ను 12 నెలల ఈఎంఐగా మార్చమనండి. 16 శాతానికి ఇస్తే జీఎస్టీతో కలిపి నెలకు 3,600 చుట్టుపక్కల పడుతుంది, ఏడాదిలో బాకీ తీరుతుంది. మార్చాక కార్డును పర్సులోంచి తీసి బీరువాలో పెట్టండి. ఈఎంఐగా మార్చి, ఖాళీ అయిన లిమిట్‌ను మళ్లీ గీకేవాళ్లే ఎక్కువ. అలా చేసేటట్టయితే మార్చడమే దండగ.

అప్పుడు నెలకు 6,700 మిగులుతుంది. పుట్టినరోజు లోపు మూడు నెలల్లో 20,100. అందులో పార్టీకి 12,000 పక్కన పెట్టండి, 8,100 నిధిలో వేయండి. నిధి 33,100 అవుతుంది. పుట్టినరోజు దాటిన మూడు నెలలకు 53,200, అంటే దాదాపు ఒక నెల ఖర్చు చేతిలో ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 93,000 దాటుతుంది, కార్డు ఈఎంఐ ఆగిపోయి నెలకు 10,300 మిగులుతుంది. ఆ లెక్కన మూడేళ్లలోపే ఆరు నెలల నిధి పూర్తవుతుంది. బోనస్ వస్తే ఇంకా ముందే. ఈ డబ్బు స్వీప్ ఇన్ ఎఫ్‌డీలోనో (సేవింగ్స్ ఖాతాకు జోడించిన ఫిక్స్‌డ్ డిపాజిట్), లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా వెనక్కి తీసుకోగల మ్యూచువల్ ఫండ్) ఉంటే చాలు. షేర్లలో వద్దు, పాప పేరుమీద సుకన్య సమృద్ధి ఖాతాలో అసలొద్దు. సుకన్య మంచి పథకమే, కాకపోతే అవసరమైన రాత్రి అందులోంచి డబ్బు రాదు.

ఇక 12,000లో పార్టీ. మొదట పిలుపుల జాబితా. నీకెవరెవరు కావాలని పాపను అడగండి, ఐదేళ్ల పిల్ల ఎనిమిది, పది పేర్లు చెబుతుంది. వాళ్లకు అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు కలిస్తే పదిహేను. తోడొచ్చే పెద్దవాళ్లు పన్నెండు మంది అనుకోండి. టైము సాయంత్రం 4.30 నుంచి 6.30 పెట్టండి. ఏడున్నరకు పిలిస్తే భోజనం పెట్టాలి, నాలుగున్నరకు పిలిస్తే స్నాక్స్ సరిపోతాయి. ఇరవై ఏడు మందికి తలా 120 చొప్పున 3,240. కేకు 1,500, డెకరేషన్ 1,200, పాప గౌను 2,000. హాలు బదులు అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలో, టెర్రసో. క్లాసులో 28 మంది అనుకుంటే స్కూల్లో పంచడానికి 28 పెన్సిళ్లు, 280. క్లాస్ టీచర్‌ను ముందు అడగండి, చాక్లెట్లు, గిఫ్టులు పంచనివ్వని స్కూళ్లు చాలా ఉన్నాయి. గిఫ్టులు పదిహేనుకు రెండు అదనం, 17 ఎనభైలు 1,360. ఇదంతా కలిపి దాదాపు 9,600. మిగతా 2,400 అనుకోని వాటికి.

80 రూపాయల్లో ఏమొస్తుంది? ఒకటే వస్తువు, వాడుకునేది. క్రేయాన్ల పెట్టెతో చిన్న డ్రాయింగ్ పుస్తకం, లేదా తెలుగు బొమ్మల కథల పుస్తకం, లేదా చిన్న స్టీలు స్నాక్ డబ్బా. డజన్ల లెక్కన బేగంబజార్‌లో, విజయవాడైతే వన్‌టౌన్‌లో బేరం కుదురుతుంది. కానీ డజను రేటు తక్కువని మూడు డజన్లు తెచ్చి పందొమ్మిది మిగుల్చుకోకండి. చవక బొమ్మలు ఎనిమిది కలిపి సంచిలో పోసి ఇవ్వడం దండగ. విజిల్ ఆ రాత్రే విరుగుతుంది, స్లైమ్ సోఫాకు అంటుకుంటుంది, బబుల్స్ సీసా సంచిలోనే కారుతుంది. మూడేళ్లలోపు తమ్ముళ్లు వచ్చేచోట గోళీలు, చిన్న మాగ్నెట్లు, విడిపోయే ముక్కలున్నవి అసలొద్దు, నోట్లో పెట్టుకుంటారు. పాప పేరు, ఫొటో అచ్చు వేయించిన కప్పులు కూడా వద్దు. కనీస ఆర్డరు ఇన్నని ఉంటుంది, మిగిలితే వెనక్కి తీసుకోరు, ఇంకొకరికి ఇవ్వలేం. పేరు లేని క్రేయాన్లు మిగిలితే వేరే పిల్లల పుట్టినరోజుకు పనికొస్తాయి. రంగురంగుల సంచి, రిబ్బను, థాంక్యూ ట్యాగు కలిస్తే ఒక్కోదానికి 20 దాకా అవుతుంది. మీ 105 గిఫ్టులకు అదే 2,100, మీరు లెక్కలోనే వేయలేదు. పాత న్యూస్‌పేపరులో చుట్టి పాప చేత బొమ్మ వేయిస్తే సరి.

వయసును బట్టి వేర్వేరు గిఫ్టులు తేవద్దు, గుమ్మంలోనే గొడవవుతుంది. అందరికీ ఒకటే, రంగు కూడా ఒకటైతే మరీ మంచిది. వెళ్లేటప్పుడే చేతికివ్వండి. ముందే బల్ల మీద పేరిస్తే కేకు కోసేలోపు సగం విప్పేస్తారు. రానివాళ్లకు ఇంటికి పంపనక్కర్లేదు. పెద్దవాళ్లకు పసుపు, కుంకుమ, ఒక పండుతో తాంబూలం ఇవ్వండి, మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నదదే. అరవై స్టీలు డబ్బాలు అరవై ఇళ్ల అటకలెక్కడానికి 21,000 ఎందుకు?

మొహమాటం పోవాలంటే మెసేజ్‌లోనే తేల్చేయండి: “మా పాప ఐదో పుట్టినరోజు ఆదివారం సాయంత్రం 4.30 నుంచి 6.30 దాకా. పిల్లల్ని తీసుకుని రండి, ఆడుకుందాం. బహుమతులు తేవద్దు, ఆశీస్సులు చాలు.” బహుమతి తీసుకోని ఇంటినుంచి 500 రూపాయల రిటర్న్ గిఫ్టు ఎవరూ ఎదురుచూడరు. అపార్ట్‌మెంట్‌లో మరో రెండు ఇళ్లు మీ దారిలోకి రావడమూ ఖాయం, వాళ్లూ లోపల్లోపల లెక్కలు వేసుకుంటూనే ఉంటారు.

మిగతా దారుల గురించి ఒక్కో మాట. బంగారం తాకట్టు పెడితే వడ్డీ తక్కువే, కానీ పార్టీకి పుస్తెలతాడు బ్యాంకులో పెట్టడమేమిటి? చీటీ పాడి తేవడం కూడా అప్పే, వదులుకున్న పాటే దాని వడ్డీ. నో కాస్ట్ ఈఎంఐ అంటే డిస్కౌంటు పోగొట్టుకోవడం. మీ పేరున టర్మ్ పాలసీ, కుటుంబానికి సొంత హెల్త్ పాలసీ లేకపోతే నిధి ఒక నెల ఖర్చుకు చేరగానే తీసుకోండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు.

ఈ జవాబు చదివేలోపే యాప్‌లో లోన్ నొక్కేసి ఉంటే, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్‌లో కూలింగ్ ఆఫ్ గడువు ఎన్ని రోజులో ఇవాళే చూడండి. ఆ గడువులోపు అసలు, వాడుకున్న రోజుల వడ్డీ కట్టి పెనాల్టీ లేకుండా బయటపడొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు కొంత పోవచ్చు, పోనివ్వండి. హాలుకు అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే, అది కూడా రేపు ఫోన్ చేసి అడగండి. తేదీకి మూడు నెలలుంది కాబట్టి ఎంతో కొంత తిరిగిచ్చే అవకాశం ఇప్పుడే ఎక్కువ.