పాప చిన్నది, దూరం వేస్తారని ప్రమోషన్ వదులుకోనా?

బ్యాంకులో స్కేల్ 3 మేనేజర్‌గా ప్రమోషన్ వచ్చింది, పాప నాలుగో తరగతి, ఊరు మారలేను, రిఫ్యూజ్ చేయనా అని అడిగారు కదా. వద్దండీ. 2012లో ఇదే పరిస్థితిలో నేను వద్దని లెటర్ రాసిచ్చాను.

ఇంట్లో అందరూ మంచి పని చేశావన్నారు. కానీ ఒకసారి కాదంటే కొన్నాళ్లు ప్రమోషన్‌కి పిలవరు, ఈలోపు నాతో పీఓలుగా (ప్రొబేషనరీ ఆఫీసర్లుగా) చేరినవాళ్లు ముందుకెళ్లిపోయారు. అంతకంటే పెద్ద నష్టం, బ్రాంచ్ నడిపిన అనుభవం లేకపోవడం. పైకెళ్లేకొద్దీ ఇంటర్వ్యూలో అడిగేది అదే, బ్రాంచ్ హెడ్‌గా ఎన్నాళ్లు చేశారు, క్రెడిట్, అంటే అప్పులిచ్చే పని, చూశారా, మొండి బాకీలు ఎన్ని వసూలు చేశారు అని. "మీకెందుకు మేడమ్ ఇబ్బంది" అంటూ ఆడవాళ్లకి బ్రాంచ్ ఇవ్వకుండా ఆఫీసు సీట్లలోనే ఉంచేస్తారు, మనమూ మేలు చేశారనే అనుకుంటాం.

రెండోసారి ఒప్పుకున్నాను. ఇంటికి 160 కిలోమీటర్లు, గోల్డ్ లోన్ల బ్రాంచ్. చేరిన నెలలోనే ఓ సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. స్ట్రాంగ్ రూమ్ తాళం ఒకటి నా దగ్గర, ఒకటి హెడ్ క్యాషియర్ దగ్గర, ఇద్దరం ఉంటేగానీ మూయలేం. సరిగ్గా అప్పుడే పాపకి 103 జ్వరమని మా అత్తయ్య ఫోన్. ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, ఏ సిరప్ ఎంత వేయాలో చెబుతూ కట్టలు మళ్లీ లెక్కపెట్టించాను. ఎనిమిదిన్నరకి దొరికింది, ఒక వోచర్ రెండుసార్లు ఎంటర్ అయింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను. అయినా ఆ బ్రాంచ్‌లో చేసిన మూడేళ్లే నన్ను ఏజీఎం (అసిస్టెంట్ జనరల్ మేనేజర్) దాకా తెచ్చాయి.

అరుంధతీ భట్టాచార్య చదివింది ఇంగ్లీషు సాహిత్యం, 1977లో స్టేట్ బ్యాంకులో పీఓగా చేరి 2013లో ఛైర్మన్ అయ్యారు, రెండు వందల ఏళ్లు దాటిన ఆ బ్యాంకుకి తొలి మహిళా ఛైర్మన్. అంతటావిడ కూడా ఇంటి పరిస్థితుల వల్ల ఒక దశలో మానేద్దామనుకున్నానని చెప్పారు. ఆ బాధ తెలుసు కాబట్టే, ఛైర్మన్ అయ్యాక ఆడ ఉద్యోగులు పిల్లల కోసమో పెద్దవాళ్ల కోసమో రెండేళ్ల వరకు సెలవు పెట్టి తిరిగి చేరే వీలు కల్పించారు. మీ బ్యాంకులో అలాంటిది ఉందేమో కనుక్కోండి.

పోస్టింగ్ ఆర్డర్ రాకముందే జోనల్ ఆఫీసుకి వెళ్లి మాట్లాడండి, వచ్చాక మార్పించడం చాలా కష్టం. పెళ్లైన మహిళా ఉద్యోగులను వీలైనంతవరకు భర్త పనిచేసే చోటికి దగ్గర్లో వేయమని 2014లోనే కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ బ్యాంకులకు చెప్పింది, ఆ సంగతి అప్లికేషన్‌లో రాయండి. బ్రాంచ్ మాత్రం అడిగి మరీ తీసుకోండి, దగ్గర్లో వేస్తామంటూ మళ్లీ ఆఫీసు సీటు ఇస్తే ఒప్పుకోకండి. ఇక పాపని స్కూల్‌కి పంపేదెవరు, జ్వరమొస్తే సెలవు పెట్టేదెవరు అన్నది మీ ఆయనతో ఈ వారమే కూర్చుని తేల్చుకోండి. నేను ఆ మాట మాట్లాడింది జ్వరం వచ్చిన మర్నాడు.