ఇంటి అప్పులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మావారు తాపీ మేస్త్రి. రెండు నెలల నుంచి వారానికి మూడు రోజులే పని దొరుకుతోంది. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. డైలీ ఫైనాన్స్‌లో 10,000, నూటికి మూడు వడ్డీకి ప్రాంసరీ నోటు మీద 50,000 తెచ్చాం. గ్రూపు మైక్రోఫైనాన్స్ వాయిదా వారం వారం కట్టాలి. రెండు కాసుల గొలుసు ఒక్కటే మిగిలింది. ఏది ముందు తీర్చాలి? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: రోజూ గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాడికే ఎవరైనా ముందు కట్టేస్తారు. నష్టమంతా అక్కడే. ముందు మీ అప్పులన్నిటినీ 'నూటికి నెలకెంత' అనే ఒకే కొలతకు తెండి. నోటుకు 3 రూపాయలు. మైక్రోఫైనాన్స్ కార్డు మీద ఏడాదికి 24 శాతం అని ఉంటే అది 2 రూపాయలు. బ్యాంకులో బంగారం మీద 9 శాతానికి ఇస్తే ముప్పావలా.

డైలీ ఫైనాన్స్‌లో వడ్డీ మాటే వినపడదు. 10,000 రాసుకుని చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వెయ్యేగా అనిపిస్తుంది. కానీ బాకీ రోజురోజుకూ తగ్గుతుంది కాబట్టి ఈ నూరు రోజుల్లో సగటున మీరు వాడుకున్నది నాలుగున్నర వేలే. నూటికి నెలకు దాదాపు ఆరున్నర రూపాయలు పడుతుంది.

అలాగని గొలుసు కుదువపెట్టి దీన్ని ముందు మూసేయకండి. వడ్డీ మొదటి రోజే కోసేశారు. తగ్గింపు ఇస్తామని ఒప్పుకుంటే తప్ప, ముందుగా కట్టినందుకు పైసా కలిసిరాదు. నూరు రోజులూ నడవనివ్వండి. అసలు ఉచ్చు అరవయ్యో రోజున వస్తుంది. 'ఇంకో పది తీసుకోమ్మా' అంటారు. పాత బాకీ 4,000, కొత్త కోత 1,000 పట్టుకుని చేతిలో 5,000 పెడతారు. ఐదు వేల కోసం వెయ్యి పోతుంది, పైగా నూరు రోజులు మళ్లీ మొదటికొస్తాయి. ఆ రోజు వద్దనండి. ఈ అప్పు విషయంలో చేయవలసింది ఇదే.

గొలుసు వాడాల్సింది నోటు తీర్చడానికి. 50,000కు ఇప్పుడు నెలకు 1,500 వడ్డీ అవుతోంది. అంతే మొత్తం బ్యాంకులో బంగారం మీద తెస్తే 375. మిగిలే 1,125ను నెలనెలా బంగారం ఖాతాలోనే జమ చేయండి. డైలీ అయిపోయాక రోజూ కడుతున్న 100, అంటే నెలకు 3,000, అందులోకే మళ్లించండి. ఏడాదికి కాస్త అటూ ఇటూగా గొలుసు ఇంటికొస్తుంది.

నోటు దగ్గర ఒక జాగ్రత్త. వడ్డీ కట్టకుండా వదిలేస్తే, మూడేళ్లు నిండే ముందు అప్పిచ్చినవాళ్లు నోటు తిరగరాయిస్తారు. మీ 50,000కు మూడేళ్ల వడ్డీ 54,000. రెండూ కలిపి 1,04,000కు కొత్త నోటు రాస్తే, ఇకమీదట నెల వడ్డీ 3,120. కట్టిన ప్రతిసారీ నోటు వెనక తేదీతో చెల్లు వేయించండి. మొత్తం తీరిన రోజున ఆ నోటు మీ చేతికి తీసుకునే కదలండి. ఖాళీ నోటు మీద మాత్రం ఎంత తెలిసినవాళ్లకైనా సంతకం పెట్టవద్దు.

ఇంకో మాట. మీవారికి భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు ఉందా? ఏడాదిలో 90 రోజులు ఆ పనిచేసిన, 18 నుంచి 60 ఏళ్ల లోపు వాళ్లు నమోదు చేయించుకోవచ్చు. ప్రమాదం జరిగాక పరుగెత్తితే ఆలస్యమైపోతుంది, ఈ ఖాళీ రోజుల్లోనే ఆ పని చూసుకోండి.

ప్రశ్న: రెండు వాయిదాలు తప్పాయి. మైక్రోఫైనాన్స్ వాళ్లు పొద్దున ఏడింటికే వచ్చి వీధిలో నిలబడి అరుస్తున్నారు. గ్రూపులో మిగతా ఆడవాళ్లు కూడా మా మీదే పడుతున్నారు. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఈ అప్పుల వసూలుకు ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత రాకూడదు, ఫోన్ చేయకూడదు. బెదిరింపులు, బూతులు నిషేధం. ముందుగా అనుకున్న చోటే డబ్బు తీసుకోవాలి. అక్కడికి మీరు వరుసగా రెండుసార్లు రాకపోతేనే ఇంటికి రావచ్చు. మీవి రెండు తప్పాయి కాబట్టి ఇంటికి రావడాన్ని తప్పుపట్టలేం. ఏడింటికి రావడం, అరవడం మాత్రం తప్పే.

వచ్చిన తేదీ, వేళ, అన్న మాటలు కాగితం మీద రాసుకోండి. కార్డు మీదున్న ఫిర్యాదు నంబరుకు ఫోన్ చేసి, ఫిర్యాదు సంఖ్య అడిగి తీసుకోండి. 30 రోజుల్లో తేలకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అధికారి, అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఎలాగో తెలియకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి. పని తగ్గిందని, వాయిదా తగ్గించి గడువు పెంచమని బ్రాంచికి రాతపూర్వకంగా అడగడం మర్చిపోవద్దు. ఈ వాయిదా కోసం ఇంకో కంపెనీలో అప్పు తీసుకుంటే గ్రూపంతా కూడి వాయిదాలు కట్టే సెంటర్ మీటింగులు వారానికి ఒకటి బదులు రెండవుతాయి.

ప్రశ్న: బంగారం వేలం వేస్తామని నోటీసు వచ్చింది. మొత్తం కట్టలేం. (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: వడ్డీ కట్టి తిరిగి రాయించుకోవచ్చేమో ఈరోజే వెళ్లి అడగండి. నగలు ఎక్కువుంటే కొంత కట్టి ఒకటి విడిపించి, దాన్ని అమ్మి మిగతావి కాపాడుకోవచ్చు. ఒకటే నగ ఉంటే కుదువ రశీదులో రాళ్లు తీసేసిన నికర బరువు, క్యారెట్ చూసి, రెండు దుకాణాల్లో ధర అడగండి. అది వాళ్ల బాకీ కంటే బాగా ఎక్కువుంటే, నాలుగు రోజులకు చేబదులు తెచ్చి విడిపించి మీరే అమ్ముకోవడం నయం. వేలమే జరిగితే బాకీ పోను మిగిలిన సొమ్ము మీదే. ఎంతకు పోయిందో, ఏమేం పట్టుకున్నారో కాగితం మీద ఇమ్మని అడగండి.